రిఫండ్‌తో లెక్క తీరదు

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు పనిచేయకపోతే ఏం చేయాలో ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. యాప్ తెరుస్తాం, ‘రిటర్న్’ నొక్కుతాం. రెండు రోజుల్లో పికప్ అబ్బాయి వచ్చి తీసుకుపోతాడు. వారం తిరక్కుండా డబ్బు అకౌంట్లో పడుతుంది. మంచి అలవాటే. కానీ ఆ వస్తువు తాను పోతూ ఇంట్లో ఇంకో రెండు వస్తువుల్ని కూడా తీసుకుపోయినప్పుడు ఇదే అలవాటు మనకు చేటు చేస్తుంది. అప్పుడు ‘రిటర్న్’ నొక్కడమంటే పెద్ద నష్టం గురించి నోరెత్తకుండా చిన్న మొత్తం తీసుకుని ఊరుకోవడం. దానికి తోడు, ఆ నష్టాన్ని నిరూపించే సాక్ష్యాన్ని మన చేత్తోనే అవతలివాళ్లకు అప్పగించడం.

ఈ అధ్యాయంలో ఒకే ఒక్క విషయాన్ని మనసుకు పట్టించుకోండి. వస్తువు ధర వెనక్కి రావడం ఒక లెక్క. అది చేసిన నష్టానికి పరిహారం రావడం ఇంకో లెక్క. మొదటిది తీరిందని రెండోది మాఫీ కాదు.

ఒక ఇంటి లెక్క

ఉదాహరణకు ఖమ్మంలో ఒక ఇల్లు తీసుకుందాం. ఆన్‌లైన్‌లో రూ. 649 పెట్టి ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొన్నారు. దానికి టీవీ, సెట్‌టాప్ బాక్స్, వైఫై రూటర్ తగిలించారు. మూడు వారాలు బాగానే నడిచింది. ఒక సాయంత్రం ప్లాస్టిక్ కాలుతున్న వాసన, టప్‌మని శబ్దం, పొగ. ఇంటాయన పరుగున వెళ్లి మెయిన్ ఆపేశాడు కాబట్టి మంట ముదరలేదు. తీరా చూస్తే బాక్సులో రెండో సాకెట్ కరిగి నల్లటి ముద్దయింది. టీవీ ఆన్ కావడం లేదు. సెట్‌టాప్ బాక్స్ పోయింది. టీవీ స్టాండు చెక్క మీద జానెడు మేర కాలిన మచ్చ, వెనక గోడంతా మసి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా చెబుతుంది: ‘‘అసౌకర్యానికి క్షమించండి సార్. మీకు పూర్తి రిఫండ్ ఇచ్చేస్తాం.’’ పూర్తి రిఫండ్ అంటే 649 రూపాయలు. ఇంట్లో పోయింది ఇరవై వేల పైమాట.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. చవగ్గా వస్తోందని కొన్నాం, మన ఖర్మ అనుకుంటారు. అంత పెద్ద కంపెనీతో మనం గెలుస్తామా అనుకుంటారు. కోర్టు మెట్లెక్కితే ఉన్నది కూడా పోతుందని భయపడతారు. ఈ మూడు ఆలోచనలూ మనల్ని ఓడించేవే, మూడూ తప్పే. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

చట్టం మీ పక్షాన ఏం చెబుతోంది

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మన దేశంలో 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. 1986 నాటి పాత చట్టంలో లేని ఒక అధ్యాయం ఇందులో చేరింది. ఆరో అధ్యాయం, సెక్షన్ 82 నుంచి 87 వరకు. దాని పేరు ‘ప్రొడక్ట్ లయబిలిటీ’, అంటే లోపమున్న వస్తువు చేసిన హానికి తయారీదారు, అమ్మకందారు వహించాల్సిన బాధ్యత.

ఇక్కడ హాని అంటే ఏమిటో సెక్షన్ 2(22) విడమరిచి చెప్పింది. మనిషికి గాయమైనా, జబ్బు చేసినా, ప్రాణం పోయినా హానే. ఆ వస్తువు కాకుండా ఇంకే ఆస్తి దెబ్బతిన్నా హానే. ఆ నష్టం వల్ల కలిగిన మానసిక వేదన కూడా అందులోకి వస్తుంది. ఖమ్మం ఇంట్లో టీవీ, సెట్‌టాప్ బాక్స్, స్టాండు, గోడ అన్నీ ఈ మాట కిందికే వస్తాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం రాదు. దాని ధరను లోపమున్న వస్తువు కింద విడిగా అడగాలి. రెండింటినీ ఒకే ఫిర్యాదులో అడగవచ్చు.

తయారీదారు ఎప్పుడు బాధ్యుడో సెక్షన్ 84 చెబుతుంది. తయారీలో లోపం ఉన్నా, డిజైన్‌లోనే లోపం ఉన్నా, తాను చెప్పుకున్న కొలతలకు భిన్నంగా తయారు చేసినా, ఇచ్చిన హామీకి వస్తువు సరిపోకపోయినా, సరైన వాడకం గురించీ ప్రమాదం గురించీ తగిన సూచనలు ఇవ్వకపోయినా బాధ్యత అతనిదే. మీరు చూపించాల్సినవి రెండు: వస్తువులో లోపం ఉంది, ఆ లోపం వల్లే ఈ నష్టం జరిగింది. ఫ్యాక్టరీలో ఎవరు ఎక్కడ అజాగ్రత్తగా ఉన్నారో వెతికి పట్టుకునే పని మీది కాదు.

బిల్లు ఎవరి పేరు మీద ఉందన్న బెంగ కూడా వద్దు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు ఆర్డర్ పెట్టి, పల్లెలో ఉన్న అమ్మానాన్నల ఇంటికి పంపడం ఇప్పుడు ప్రతి ఊళ్లో జరుగుతున్నదే. డబ్బు కట్టినవారి అనుమతితో వస్తువును వాడుకుంటున్నవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే.

హద్దులు కూడా తెలిసి ఉండాలి. తిరిగి అమ్ముకోవడానికో, పెద్ద వ్యాపారం కోసమో కొన్నవారికి ఈ చట్టం వర్తించదు. కుట్టుమిషన్ మీద బతికే టైలర్‌లా స్వయం ఉపాధి కోసమే కొనుక్కుని వాడుకుంటే వర్తిస్తుంది. ‘‘టీవీ పోయిన వారం రోజులూ నా హోటల్లో బేరం తగ్గింది’’ అన్న తరహా వ్యాపార నష్టాన్ని చట్టంలోని ఈ ఆరో అధ్యాయం కింద అడగలేం.

మొదటి గంట

ప్రమాదం జరగగానే మనుషుల క్షేమం చూడాలి. మెయిన్ ఆపండి. మంట ఉంటే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. కరెంటు ఉన్నచోట నీళ్లు పోయకండి. ఉబ్బిన బ్యాటరీనో, పొగ వస్తున్న పవర్ బ్యాంక్‌నో చేత్తో పట్టుకోకండి. ఫైర్ సర్వీసువాళ్లు వస్తే తర్వాత వారి నివేదిక నకలు అడిగి తీసుకోండి. అంతకన్నా బలమైన కాగితం దొరకడం కష్టం.

ప్రమాదం తప్పిందని రూఢి అయ్యాక మనవాళ్లు వెంటనే చీపురు పట్టుకుంటారు. ఇల్లాలు మసి తుడిచేస్తుంది, ఇంటాయన కాలిన ముక్కలు బయట పారేస్తాడు. దయచేసి ఆగండి. ఏదీ కదపకుండా ఫోన్ తీసుకోండి.

ముందు దూరం నుంచి గది మొత్తం కనిపించేలా ఒక వీడియో తీయండి. గోడ సాకెట్ నుంచి వైరు వెంట ఎక్స్‌టెన్షన్ బాక్స్ దాకా, అక్కడి నుంచి ఒక్కో ప్లగ్ దాకా కెమెరా మెల్లగా కదలాలి. ఏ సాకెట్‌లో ఏది తగిలించి ఉందో మీ గొంతుతోనే చెప్పండి. ఆ తర్వాత దగ్గరి ఫొటోలు: కరిగిన సాకెట్, కాలిన పిన్నులు, టీవీ ప్లగ్, స్టాండు మీది మచ్చ, గోడ మీది మసి. మచ్చ పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే ఎంత మేర కాలిందో చూసేవారికి తెలుస్తుంది.

ఇప్పుడు బాక్స్ తిప్పి అడుగు భాగం చూడండి. అక్కడ అతికించిన లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండేదే రేపు మీ కేసుకు ఆధారం. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, మోడల్ నంబరు, బ్యాచ్, ఎన్ని ఆంపియర్లు, ఐఎస్‌ఐ గుర్తు ఉందా లేదా, ఉంటే దాని కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబరు. అన్నీ స్పష్టంగా కనపడేలా ఫొటో తీయండి. పార్శిల్ వచ్చిన అట్టపెట్టె ఇంకా అటక మీద ఉంటే దించి దాని మీది స్టిక్కర్లు కూడా తీయండి.

ఇంకొక్క ఫొటో చాలామంది మరిచిపోతారు. యాప్‌లో ఆ వస్తువు పేజీ. ‘షాక్ ప్రూఫ్’, ‘సర్జ్ ప్రొటెక్షన్’, ‘ఫైర్ రెసిస్టెంట్’ అని అక్కడ రాసిన ప్రతి మాటా వాళ్లు ఇచ్చిన హామీయే. రేపటికి ఆ పేజీ మారిపోవచ్చు, అసలు కనిపించకుండా పోవచ్చు. ఈ రాత్రే స్క్రీన్‌షాట్లు తీసి, మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. తేదీ సహా నిలిచిపోతుంది.

పికప్ అబ్బాయి రాకముందు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. రిటర్న్ గడువు ఏడు రోజులో పది రోజులో ఉంటుంది. గడువు దాటితే ధర కూడా రాదేమోనని భయం. అలాగని వస్తువు ఇచ్చేస్తే సాక్ష్యం పోతుంది.

గడువు మిగిలి ఉంటే రెండు పనులు వెంటవెంటనే చేయండి. యాప్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. అదే రోజు ఈమెయిల్‌లో ఇలా రాయండి: ‘‘ఈ వస్తువు వల్ల నా ఇంట్లోని ఇతర వస్తువులు దెబ్బతిన్నాయి. ఇది సాక్ష్యం కాబట్టి నా దగ్గరే భద్రపరుస్తున్నాను. మీ ప్రతినిధి వచ్చి నా సమక్షంలో పరిశీలించవచ్చు.’’ ఇంత రాశాక మీరు వస్తువు ఇవ్వకపోవడం మొండితనం అనిపించుకోదు. బాధ్యతగా ఉన్నట్టు రికార్డులో ఉంటుంది. ఒకవేళ గడువు దాటిపోయినా దిగులు పడకండి. యాప్‌లో రిటర్న్ బటన్ మాయమైనంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు మాయం కాదు.

కాలిన వస్తువును ఒక కవర్లో పెట్టి, తేదీ రాసి, పిల్లలకు అందని చోట ఉంచండి. విప్పి లోపల చూడాలన్న ఉత్సాహం వద్దు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌నైనా విప్పనివ్వకండి. స్క్రూ తీసిన మరుక్షణం ‘వస్తువును మార్చేశారు’ అన్న మాట అవతలివాళ్లకు దొరుకుతుంది. లోపం కంటికి తెలియనిదైతే, కేసు వేశాక జిల్లా వినియోగదారుల కమిషనే ఆ వస్తువును ప్రయోగశాలకు పంపే ఏర్పాటు సెక్షన్ 38లో ఉంది. పరీక్ష రుసుము ముందు మీరు కట్టాల్సి రావచ్చు. 45 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలని చట్టం చెబుతోంది.

నష్టానికి అంకె పెట్టండి

‘‘మాకు చాలా నష్టం జరిగిందండీ’’ అంటే ఎవరూ ఏమీ ఇవ్వలేరు. ‘‘రూ. 20,500 నష్టం జరిగింది, ఇవిగో కాగితాలు’’ అంటే అవతలివాళ్లు లెక్కలోకి దిగక తప్పదు. ఖమ్మం ఇంటి పట్టిక ఇలా ఉంటుంది:

టీవీ బోర్డు మార్చడానికి సర్వీస్ సెంటర్ అంచనా – రూ. 11,800
సెట్‌టాప్ బాక్స్ – రూ. 1,500
టీవీ స్టాండు మరమ్మతు, వడ్రంగి కూలీ – రూ. 4,000
గోడకు రంగు – రూ. 2,500
ఎలక్ట్రీషియన్ తనిఖీ – రూ. 700
మొత్తం – రూ. 20,500
ఇది కాక ఎక్స్‌టెన్షన్ బాక్స్ ధర – రూ. 649

ప్రతి అంకె వెనుకా ఒక కాగితం ఉండాలి. టీవీ కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీటులో ‘పవర్ బోర్డు కాలిపోయింది’ అని కారణంతో సహా రాయించుకోండి. వడ్రంగి, పెయింటర్ తెల్లకాగితం మీద రాసిచ్చినా సరే, వారి పేరు, సంతకం, తేదీ ఉండాలి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత ఇంటి వైరింగ్ చూపించి, ‘గోడ సాకెట్, ఎర్తింగ్, ఎంసీబీ సరిగానే ఉన్నాయి, లోపం ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోనే కనిపిస్తోంది’ అని రాయించుకుంటే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

అడిగేటప్పుడు న్యాయంగా అడగండి. మూడేళ్ల పాత టీవీకి కొత్త టీవీ ధర అడిగితే మీ మిగతా లెక్క మీద కూడా అనుమానం పుడుతుంది. మరమ్మతుకు వీలుంటే మరమ్మతు ఖర్చు, వీలుకాకపోతే వాడిన కాలానికి తగ్గింపు పోను మిగిలే విలువ అడగండి. మానసిక వేదనకు, తిరిగిన ఖర్చులకు విడిగా కొంత మొత్తం కోరవచ్చు. ఎంత ఇవ్వాలో కమిషన్ చూసుకుంటుంది.

ఇంటికి బీమా ఉంటే ఆ కంపెనీకి కూడా వెంటనే తెలియజేయండి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష వంటి పాలసీల్లో అగ్ని ప్రమాదానికి రక్షణ ఉంటుంది. అయితే ఒకే నష్టానికి రెండుచోట్ల పరిహారం తీసుకోకూడదు. బీమా నుంచి ఎంత వచ్చిందో దాచకుండా చెప్పి, మిగిలిందే అడగండి.

ఎవరిని అడగాలి

తయారీదారు, అమ్మకందారు, ఆన్‌లైన్ వేదిక. ఈ ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ మిమ్మల్ని తిప్పుతారు. అందుకే మొదటి ఉత్తరమే ముగ్గురికీ పంపాలి.

తయారీదారు సంగతి పైన చెప్పుకున్నాం. అమ్మకందారు తాను తయారు చేయకపోయినా కొన్ని సందర్భాల్లో బాధ్యుడవుతాడని సెక్షన్ 86 చెబుతోంది. వస్తువు డిజైన్, పరీక్ష, ప్యాకింగ్, లేబుల్ మీద అతనికి గణనీయమైన పట్టు ఉన్నప్పుడు, వస్తువును తాను మార్చినప్పుడు, సొంతంగా హామీ ఇచ్చినప్పుడు. అన్నిటికంటే మనకు పనికొచ్చేది ఇంకొకటి: తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా మన చట్టానికి అందని చోట ఉన్నా అమ్మకందారే జవాబు చెప్పాలి. పేరూ ఊరూ లేని విదేశీ సరుకు ఆన్‌లైన్‌లో కుప్పలు తెప్పలుగా అమ్ముడవుతున్న ఈ రోజుల్లో ఈ నిబంధన మనకు పెద్ద అండ. దిగుమతి చేసుకున్నవాడిని కూడా చట్టం అమ్మకందారుగానే చూస్తుంది.

ఇక వేదిక. 2020 జూలై 23న వెలువడిన ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి వేదికకూ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలి. మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లోపు పరిష్కరించాలి. కొన్న తర్వాత మీరు రాతపూర్వకంగా అడిగితే అమ్మకందారు ప్రధాన కార్యాలయం చిరునామా, ఈమెయిల్ వంటి వివరాలు ఇవ్వాలి. ‘‘ఆ సెల్లర్ ఇప్పుడు మా దగ్గర లేడు’’ అని చేతులు దులుపుకుంటే కుదరదు.

ఉత్తరం ఎలా రాయాలి

కస్టమర్ కేర్‌తో గంట మాట్లాడినా చేతిలో ఏమీ మిగలదు. ఒక్క ఉత్తరం రాస్తే మిగులుతుంది. కోపం ఎంత ఉన్నా ఉత్తరంలోకి రానివ్వకండి. ఈ నమూనాను మీ వివరాలతో మార్చుకోండి.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఆర్డర్ నంబరు ……… ద్వారా కొన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో లోపం వల్ల ఇంట్లోని ఇతర వస్తువులకు జరిగిన నష్టానికి పరిహారం కోరుతూ.

అయ్యా/అమ్మా,

……… తేదీన మీ వేదికపై ……… అనే అమ్మకందారు నుంచి పై వస్తువును రూ. 649కి కొన్నాను. ……… తేదీ సాయంత్రం ……… గంటలకు, టీవీ, సెట్‌టాప్ బాక్స్, రూటర్ మాత్రమే తగిలించి ఉండగా దాని రెండో సాకెట్ కరిగి షార్ట్ అయింది. దాంతో నా టీవీ, సెట్‌టాప్ బాక్స్, టీవీ స్టాండు, గోడ దెబ్బతిన్నాయి. మొత్తం నష్టం రూ. 20,500. పట్టిక, ఫొటోలు, సర్వీస్ సెంటర్ జాబ్ షీటు, ఎలక్ట్రీషియన్ రాతపూర్వక అభిప్రాయం జతచేశాను.

నేను కోరుతున్నవి: ఒకటి, వస్తువు ధర రూ. 649 వాపసు. రెండు, ఇతర వస్తువులకు జరిగిన నష్టం రూ. 20,500. మూడు, తయారీదారు, అమ్మకందారు పూర్తి చిరునామాలు.

వస్తువు నా దగ్గర భద్రంగా ఉంది. ముందుగా తెలియజేసి వచ్చి పరిశీలించవచ్చు. ధర వాపసును మొత్తం నష్టానికి పరిష్కారంగా నేను అంగీకరించడం లేదు. నెల రోజుల్లో పరిష్కరించకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
……………

‘అంగీకరించడం లేదు’ అన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి. వాళ్లు మీరు అడగకుండానే రిఫండ్ వేసేసి ‘కేసు ముగిసింది’ అని మెసేజ్ పెట్టినా మీ మాట అప్పటికే రికార్డులో ఉంటుంది.

వాళ్లు ఏమంటారు, మీరేమనాలి

‘‘రిఫండ్ ఇచ్చేశాం కదా.’’ తయారీదారుకు, అమ్మకందారుకు ఏయే సందర్భాల్లో మినహాయింపు ఉంటుందో సెక్షన్ 87 రాసింది. రిఫండ్ ఇవ్వడం వాటిలో లేదు.

‘‘మేం మధ్యవర్తులం మాత్రమే.’’ కావచ్చు. ఎవరి వాటా ఎంతో కమిషన్ తేలుస్తుంది. మీరు మాత్రం వేదికను కూడా ప్రతివాదిగా చేర్చండి.

‘‘మీరు ఎక్కువ లోడ్ పెట్టారు.’’ ఇది వాళ్లకు ఉన్న బలమైన వాదన. వస్తువును దుర్వినియోగం చేస్తే అమ్మకందారుకు బాధ్యత ఉండదని సెక్షన్ 87 చెబుతోంది. దీనికి జవాబు అంకెల్లో ఉంది. 6 ఆంపియర్ల బాక్స్ 230 వోల్టుల దగ్గర దాదాపు 1,380 వాట్లు మోయాలి. ఇంట్లో వాడే మామూలు టీవీ, సెట్‌టాప్ బాక్స్, రూటర్ మూడూ కలిపినా 200 వాట్లు దాటడం అరుదు. అదే 2,000 వాట్ల గీజర్ దానికి తగిలించి ఉంటే మీ కేసు నిలబడదు. తగిలించి ఉంటే నిజం ఒప్పుకోండి. అబద్ధం మీద కట్టిన కేసు కూలితే నిజంగా నష్టపోయిన తర్వాతివారిని కూడా నమ్మరు.

‘‘కరెంటు హెచ్చుతగ్గుల వల్ల జరిగింది.’’ అదే సమయంలో ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, పక్కింటి టీవీ బాగానే ఉన్నాయంటే ఈ వాదన నిలవదు. పక్కింటివాళ్ల చేత రెండు వాక్యాలు రాయించుకోండి. నిజంగానే హెచ్చుతగ్గులు వచ్చి ఉంటే అది విద్యుత్ పంపిణీ సంస్థ సంగతి. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయాలి.

‘‘గుడ్‌విల్‌గా వెయ్యి రూపాయల కూపన్ ఇస్తాం.’’ దాని కింద ‘దీంతో అన్ని క్లెయిములూ పరిష్కారమైనట్టే’ అన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే ‘ఓకే’ నొక్కకండి.

1915, ఆ తర్వాత కమిషన్

నెల గడిచినా జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. 8800001915కు వాట్సాప్ కూడా చేయవచ్చు. దీనికి ఖర్చు లేదు. హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు, కంపెనీతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తుంది. కస్టమర్ కేర్ దగ్గర కదలని ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడ కదులుతుంది.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కోర్టు అనగానే కలిగే భయాన్ని ఈ నాలుగు వాస్తవాలు తగ్గిస్తాయి. మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఎక్కడ ఉన్నా సరే. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి ఉండదు, వస్తువుకు కట్టిన ధరను బట్టి ఉంటుంది. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. 649 రూపాయల బాక్స్ కాల్చిన ఇంటికి లక్షల్లో పరిహారం అడిగినా వెళ్లాల్సింది అక్కడికే. నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ప్రతివాది 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ 45 రోజులు దాటితే గడువు పొడిగించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. మూడు నెలల్లో, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తీర్పు రావాలని చట్టం అంటోంది. ఆచరణలో ఇంకా ఎక్కువ పడుతుందని ముందే మనసును సిద్ధం చేసుకోండి. తీర్పు వచ్చాక కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే ఆ మొత్తంలో సగం ముందు డిపాజిట్ చేయాలి. ఆదేశాన్ని పాటించకపోతే జైలు శిక్ష, జరిమానా రెండూ పడవచ్చు.

ఇది మీ ఒక్కరి కోసం కాదు

2021 ఫిబ్రవరి నుంచి మన దేశంలో ఐఎస్‌ఐ గుర్తు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మకూడదు. అయినా ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యాయి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌ మీద, ఫ్లిప్‌కార్ట్‌ మీద చర్య తీసుకుంది. అమెజాన్ ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్ముడైన 598 కుక్కర్లు కొన్నవారందరికీ తెలియజేయాలని, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలని, చెరో లక్ష రూపాయల జరిమానా కట్టాలని ఆదేశించింది. ఒక వస్తువు మీద ప్రశ్న లేస్తే వేల వంటిళ్ల దాకా ఆ మేలు చేరుతుందని ఈ ఉదంతం చెబుతోంది.

మీరు రిఫండ్ తీసుకుని ఊరుకున్నారనుకోండి. అదే బ్యాచ్‌లో తయారైన బాక్సులు ఇంకా ఎన్ని ఇళ్లలో, ఎన్ని ఉయ్యాలల పక్కన, ఎంతమంది వృద్ధుల మంచాల దగ్గర వెలుగుతున్నాయో మనకు తెలియదు. ప్రమాదకరమైన వస్తువు గురించి అదే ప్రాధికార సంస్థకు, జిల్లా కలెక్టర్‌కు కూడా ఫిర్యాదు చేసే వీలుంది. దానికి కావాల్సింది ఒక కాగితం, కొన్ని ఫొటోలు. పరిహారం అడగడానికి మొహమాటపడేవారు కనీసం ఈ కారణానికైనా కలం పట్టాలి.

చవకది కొన్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. తక్కువ ధరకు వస్తువు కొనుక్కోవడం తప్పు కాదు. ధర ఎంతైనా, అమ్మిన వస్తువు ఇల్లు కాల్చకూడదన్న బాధ్యత అమ్మినవారిది.

ఈ వారం చేయాల్సిన పనులు

ఒకటి. ఇంట్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు, చార్జర్లు, పవర్ బ్యాంకులు, హీటర్లు అన్నీ తిప్పి లేబుళ్లు చూడండి. ఐఎస్‌ఐ గుర్తు కింది లైసెన్స్ నంబరు గానీ, చార్జర్లు, పవర్ బ్యాంకుల మీద ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు గానీ ఉంటే ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి అసలుదో కాదో తేల్చుకోండి. అసలుది కాదని తేలితే వాడకం ఆపేసి, అదే యాప్‌లో ఫిర్యాదు చేయండి.

రెండు. వెయ్యి రూపాయలు దాటిన ప్రతి వస్తువు బిల్లునూ ఫోన్‌లో ఒకేచోట పెట్టండి. దెబ్బతిన్న వస్తువు విలువ చెప్పేది దాని బిల్లే.

మూడు. మీరు ఎక్కువగా కొనే యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతికి, 1915తో పాటు ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

నాలుగు. ఇంట్లో మీరు లేనప్పుడు ఉండేవారికి, ముఖ్యంగా పెద్దవాళ్లకు, రెండు సంగతులు నేర్పండి. పొగ కనిపిస్తే ముందు మెయిన్ ఆపాలి. ఆ తర్వాత ఎవరు వచ్చి అడిగినా, మీకు ఫోన్ చేయకుండా కాలిన వస్తువును ఇచ్చి పంపకూడదు.